అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేస్తున్నాం. సామాను చెత్తలోకి పోకుండా ఏం చేయొచ్చు?

గోదారి_కాలవ | ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. రామచంద్రపురం దగ్గర పల్లెటూళ్ళో మా అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేస్తున్నాం. నాన్న పోయి ఏడాదిన్నర అయింది, అమ్మ పోయి నాలుగు నెలలు. ఇల్లు కొన్నవాళ్ళు పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టుకుంటారట. మాకు నెల రోజుల గడువు ఇచ్చారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, చెల్లి ఆస్టిన్‌లో. శని, ఆదివారాలు ఊరు వెళ్ళి ఒక్కో గది సర్దుతున్నాను.

నిన్న అటక మీంచి అన్నీ దింపించాను. ఇత్తడి బిందెలు నాలుగు, గంగాళం, నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్, పచ్చడి జాడీలు తొమ్మిది (రెండిటికి పగుళ్ళు), రుబ్బురోలు, తిరగలి, పాత హార్లిక్స్ సీసాలు నలభై దాకా. అమ్మ నేత చీరలు రెండు ట్రంకు పెట్టెల నిండా. ఆవిడ కుట్టు మిషన్. బూరుగు దూది పరుపులు మూడు. డబ్బా టీవీ, ఇన్వర్టర్ బ్యాటరీ, కాలిపోయిన ట్యూబులైట్లు, చనిపోయిన ఫోన్లు. నాన్న మూడేళ్ళు మంచంలో ఉన్నారు కాబట్టి తల వైపు ఎత్తే హాస్పిటల్ మంచం, గాలి పరుపు, వాకర్, కమోడ్ కుర్చీ, విప్పని డైపర్ ప్యాకెట్లు, సంచెడు మందులు కూడా ఉన్నాయి. ఇవి కాక పుస్తకాలు, వారపత్రికల కట్టలు.

మా పెదనాన్న గారబ్బాయి "ట్రాక్టర్ పిలువు, కాలవగట్టు మీద పోసేస్తారు, ఒక్కపూట పని" అన్నాడు. ఊళ్ళో అందరూ చేసేది అదే. ఆ కాలవ నీళ్ళు చిన్నప్పుడు బిందెలతో తెచ్చుకుని తాగాం. నాన్న మంచాన్నీ అమ్మ చీరల్నీ ఆ గట్టు మీద చూడలేను. ఎవరికైనా ఉపయోగపడే దారి చెప్పండి. డబ్బు రాకపోయినా పర్వాలేదు.

---

తూకంరాయి | ఆదివారం ఉదయం 9:05

అమ్మగారి సంగతి విని బాధగా ఉందండి. మాది గుంటూరులో పాత సామాను కొట్టు, నాన్న కాలం నుంచి. నాకు తెలిసింది చెప్తాను.

అన్నీ కలిపి ఒకే లాటుగా ఎవరికీ అమ్మకండి. ఇంటికొచ్చి "మొత్తం ఇంతకి తీసుకుంటాం" అనేవాళ్ళు ఇత్తడి, రాగి లెక్క చూసుకుని రేటు కడతారు. వాటిని మాత్రం ఉంచుకుని, లాభం లేనివి దారిలోనే పడేస్తారు. మీరు వద్దనుకున్న కాలవగట్టుకే అవి చేరతాయి. ఇత్తడి వేరు, రాగి వేరు, ఇనుము వేరు, కాగితం వేరు చేసి తూకానికి ఇవ్వండి. కంచు ఉంటే దాన్ని ఇత్తడిలో కలపనివ్వొద్దు. గిన్నె అంచు మీద వేలితో కొట్టి చూడండి. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి అంతసేపు మోగదు.

ఇంకో మాట. వీధిలో బండి తోసుకుంటూ వచ్చే మనిషిని చిన్నచూపు చూడకండి. మన ఊళ్ళల్లో ఇనుము, అట్టపెట్టెలు, సీసాలు మళ్ళీ ఫ్యాక్టరీకి చేరుతున్నాయంటే ఆ బళ్ళ వల్లే. మనం తడి, పొడి కలిపేసి ఇస్తే వాళ్ళ చేతులకే గాజుముక్కలు గుచ్చుకుంటాయి. విడివిడిగా కట్టి ఇవ్వడమే మనం వాళ్ళకు చేసే పెద్ద సాయం.

---

బొంత_కుట్టు | ఆదివారం ఉదయం 11:30

అన్నయ్యా, చీరల గురించి నేను చెప్తాను. మాది బొబ్బిలి వైపు. మా అమ్మమ్మ దగ్గర బొంతలు కుట్టడం నేర్చుకున్నాను.

ముందు చీరల్ని మూడు కుప్పలుగా వేయండి. కట్టుకోవడానికి పనికొచ్చేవి ఒకటి, ఒంటికి పనికిరాకపోయినా బట్ట గట్టిగా ఉన్నవి ఒకటి, పట్టుకుంటే చిరిగేవి ఒకటి. చిరుగుందో లేదో కంటితో చూస్తే తెలియదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, రెండు బొటనవేళ్ళతో కొంచెం లాగి చూడండి. మడత దగ్గరే ముందు చీకిపోతుంది.

రెండో కుప్ప బొంతలకు. పెద్ద బొంతకు ఐదారు చీరలు పడతాయి. లోపల పాతవి, పైనా కిందా మంచివి వేస్తాం. దారం రెండు పేటలు తీసుకుని అంచు నుంచి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వస్తే మధ్యలో ముడత పడదు. ఎండాకాలం కింద పరుచుకోవచ్చు, చలికి కప్పుకోవచ్చు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ఒక బొంత చేత్తో కుట్టడానికి నాకు పది, పన్నెండు రోజులు పడుతుంది. మీ ఊళ్ళో కుట్టే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు కూలి ఇచ్చి కుట్టించుకోండి. ఊరికే కుట్టమని అడగకండి. కళ్ళు లాగేసే పని అది.

బాగా మెత్తబడిన నూలు చీరలు పసిపిల్లల పొత్తిగుడ్డలకు శ్రేష్ఠం. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, గజం ముక్కలుగా చింపి అంచు మడిచి కుట్టి ఇవ్వండి. బాలింత ఉన్న ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది.

పట్టుచీరలు ఉంటే జాగ్రత్త. "పాత జరీ కొంటాం" అని వచ్చేవాళ్ళు వెండి కోసమే కొంటారు. చీర కాల్చేసి వెండి తీసుకుంటారు. అమ్మ చీరకి ఆ గతి పట్టొద్దు అనుకుంటే అంచు, కొంగు వేరు చేసి పిల్లల లంగాకి వేయించండి.

---

పనులు_బోలెడు | ఆదివారం మధ్యాహ్నం 1:15

ఇంత కష్టం ఎందుకండీ? అన్నీ మూట కట్టి ఏదో ఒక అనాథాశ్రమానికి ఇచ్చేయండి. వాళ్ళే చూసుకుంటారు. మీకూ పుణ్యం, ఇల్లూ ఖాళీ.

---

వార్డు_సిస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 3:50

పైన రాసినవారికి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఆశ్రమం వాళ్ళు ఏం చూసుకుంటారు? ఇరవై మంది పిల్లలకు అన్నం వండే ఇద్దరు మనుషులు మీ మూటలు విప్పి, చిరిగినవి ఏరి, పారేయించాలి. పారేయడానికి అయ్యే ఖర్చు కూడా వాళ్ళదే అవుతుంది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానంగా వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. ఇల్లు పోయిన మనిషికి కూడా చిరుగుల చొక్కా తొడుక్కోవాలని ఉండదు. ఏం కావాలో ఫోన్ చేసి అడగండి, అదే తీసుకెళ్ళండి.

గోదారి_కాలవ గారూ, నాన్నగారి సామాను గురించి. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. ఆ హాస్పిటల్ మంచం మీ దగ్గరున్న వాటన్నిటిలో ఎక్కువ అవసరమైనది. పక్షవాతం వచ్చి, తుంటి విరిగి మంచాన పడ్డవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కొత్తది కొనే స్తోమత ఉండదు. నులక మంచం మీదే పడుకోబెడితే వీపు మీద పుళ్ళు పడతాయి. ఎవరికి అవసరమో మీ ఊరి ఆశా కార్యకర్తకు ఇంటింటికీ తెలుసు. ఆవిడని అడగండి, రెండు రోజుల్లో తేలుతుంది.

ఇచ్చేముందు మంచాన్ని సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి ఎండబెట్టండి. బ్లీచింగ్ అలాగే ఉంటే ఇనుము తుప్పు పడుతుంది. తల ఎత్తే మరకు నూనె వేయండి. గాలి పరుపు పంపు ఒక రాత్రంతా ఆన్ చేసి పొద్దున గాలి ఉందో లేదో చూడండి. లీకున్న పరుపు ఇస్తే వాళ్ళు ఆశపడి, మళ్ళీ పడేయాల్సి వస్తుంది. వాకర్ కాళ్ళ కింద రబ్బరు బుడిపెలు అరిగితే కొత్తవి వేయించండి. అవి అరిగిన వాకర్ పెద్దవాళ్ళని జారి పడేస్తుంది.

మందులు మాత్రం ఎవరికీ చేత్తో ఇవ్వకండి. "మా నాన్నకూ బీపీ బిళ్ళలే" అని పక్కింటివాళ్ళు అడుగుతారు, ఇవ్వొద్దు. గడువు ఉన్న, కత్తిరించని స్ట్రిప్పులు ఏదైనా ఉచిత వైద్యశాల డాక్టర్‌కి చూపించండి. గడువు దాటినవి టాయిలెట్‌లో వేయకండి, పొలంలో పాతిపెట్టకండి. సూదులు ఉంటే మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతకు టేపు చుట్టండి. గడువు దాటిన మందులు, సూదులు, ట్యూబులైట్లు, పెయింట్ డబ్బాలు ఇంటి ప్రమాదకర చెత్త కిందకు వస్తాయి, వాటిని మామూలు చెత్తలో కలపకూడదని ఘనవ్యర్థాల నిబంధనల్లోనే ఉంది.

---

గోదారి_కాలవ | ఆదివారం రాత్రి 9:20

సిస్టర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ మంచాన్ని చూడటమే కష్టంగా ఉండి, గదికి తాళం వేసేశాను. దానితోనే మొదలుపెట్టాలని ఇప్పుడు అర్థమైంది. బొబ్బిలి చెల్లెమ్మా, చీరలు మీరు చెప్పినట్టే మూడు కుప్పలు చేస్తాను.

---

సోల్డరింగ్ | సోమవారం ఉదయం 8:10

టీవీలు బాగుచేసే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. డబ్బా టీవీ గురించి రాయకుండా ఉండలేను.

దాన్ని మీరు విప్పకండి, విప్పడానికి ఎవరికీ ఇవ్వకండి. ప్లగ్ తీసేసి చాలాకాలమైనా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలవ ఉండొచ్చు, గట్టిగా కొడుతుంది. ఆ గాజులో సీసం ఉంటుంది. రాగి చుట్ట ఒక్కటి తీసుకుని గాజు పగలగొట్టి పడేస్తారు. ఆ సీసం మట్టిలోకి, నీళ్ళలోకి పోతుంది. వైర్లు కాల్చి రాగి తీస్తుంటే వచ్చే నల్లటి పొగ పీల్చేది ఎక్కువగా పిల్లలే. నేను కళ్ళారా చూశాను.

ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. తయారు చేసిన కంపెనీలే పాత సరుకుని రీసైక్లింగ్‌కి పంపించే బాధ్యత తీసుకోవాలి. నమోదైన రీసైక్లర్ల జాబితా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటుంది. మీరు హైదరాబాద్ వెళ్తూ వస్తూ ఉంటారు కాబట్టి టీవీ, ఫోన్లు, ఛార్జర్లు ఒక పెట్టెలో పెట్టుకుని కారులో తీసుకెళ్ళి అక్కడ ఇవ్వడం తేలిక. ఫోన్ ఉబ్బి ఉంటే దాన్ని వేరే ఇసుక డబ్బాలో పెట్టండి. గుచ్చకండి, ఎండలో వదలకండి.

ఇన్వర్టర్ బ్యాటరీకి చింత లేదు. కొత్త బ్యాటరీ కొనేవాళ్ళు పాతది ఇస్తే షాపువాళ్ళు ధర తగ్గిస్తారు. ఊళ్ళో ఎవరైనా బ్యాటరీ మార్చుకునేవాళ్ళుంటే వాళ్ళకిచ్చేయండి. లోపలి యాసిడ్ మాత్రం ఒంపకండి.

ఇంకో సంగతి. పారేసే ముందు "పాడైంది" అనుకున్న ఫ్యాన్లు, మిక్సీలు ఒకసారి చూపించండి. ఫ్యాన్ తిరగకపోతే పదింట ఏడుసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, నా అనుభవంలో. అది మార్చడం పది నిమిషాల పని.

---

ఆస్టిన్_చెల్లి | సోమవారం ఉదయం 10:45

నేనే ఆ చెల్లిని. అన్నయ్య లింకు పంపితే ఖాతా తెరిచాను. మా అమ్మ కోసం ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు. ఇక్కడ రాత్రి పొద్దుపోయింది, అన్నీ చదువుతూ కూర్చున్నాను.

మేముండే చోట ఒక పద్ధతి ఉంది, ఊళ్ళో పనికొస్తుందేమో చూడు అన్నయ్యా. దాన్ని 'బై నథింగ్' అంటారు. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవిలో ఇద్దరు స్నేహితురాళ్ళు మొదలుపెట్టారు. ఒక పేట వాళ్ళంతా ఒక గ్రూపు. ఇవ్వాల్సింది ఫోటో పెడతారు, కావాల్సినవాళ్ళు అడుగుతారు, వచ్చి గుమ్మం ముందు నుంచి తీసుకెళ్తారు. డబ్బు మాట ఉండదు. బాబు ఉయ్యాల, చిన్నప్పటి సైకిల్ నాకు అలాగే వచ్చాయి. బాబు ఎదిగాక రెండూ మా వెనక వీధిలో ఇంకొకరికి ఇచ్చాను.

దాని బలమంతా దగ్గరితనంలోనే ఉంది. ఎవరి చేతికి వెళ్ళిందో తెలుస్తుంది. ఊళ్ళో వాట్సాప్ గ్రూపు ఉంది కదా, ఫోటోలు పెట్టి "కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి" అని రాయి.

నాకు ఒక్కటే కావాలి. అమ్మ ఆవకాయ పెట్టే పెద్ద జాడీ కాదు, పక్కన ఉండే చిన్న ఉప్పు జాడీ.

---

గాబు_మట్టి | సోమవారం మధ్యాహ్నం 12:30

ఆన్‌లైన్‌లో కూడా అమ్మొచ్చు కానీ ఒక హెచ్చరిక. "డబ్బు పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటే వెంటనే ఆపేయండి. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది. డబ్బు తీసుకోవడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు.

పెంకుటిల్లు అన్నారు కాబట్టి పెరట్లో సిమెంట్ గాబు ఉండే ఉంటుంది. చిన్న పగులుంటే కంపోస్టుకి భలేగా పనికొస్తుంది, నీళ్ళు దానంతటవే కారిపోతాయి. మా ఇంట్లో అదే వాడుతున్నాను. అడుగున కొబ్బరి పీచు, మీద కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు రెండు వంతులు, మధ్యలో గుప్పెడు పాత మట్టి, పుల్లటి మజ్జిగ చిలకరించాలి. వాసన వస్తే ఎండుటాకులు తక్కువైనట్టు. వారానికోసారి తిరగేస్తే రెండు నెలలకు నల్లటి మట్టి వస్తుంది. మన పెద్దవాళ్ళు కడుగునీళ్ళు, తవుడు, తొక్కలు కుడితి గోలెంలో వేసి గేదెకి పెట్టేవాళ్ళు. గేదె పోయాక ఆ తొక్కలన్నీ పాలిథిన్ కవర్లలోకి చేరాయి. నా బాధ అంతా అదే.

---

సీసా_బొమ్మలు | సోమవారం సాయంత్రం 5:00

హార్లిక్స్ సీసాలకి రంగులు వేసి, జనపనార తాడు చుట్టి, లోపల చిన్న లైట్లు పెడితే ఎంత అందంగా ఉంటాయో! పాత గాజులతో గోడకు వేలాడే అలంకారాలు చేయొచ్చు. కావాలంటే ఎలాగో రాస్తాను.

---

తూకంరాయి | సోమవారం రాత్రి 8:40

అమ్మా, మీ చేతి పనిని తక్కువ చేయడం లేదు. కొట్టులో నేను చూసేది చెప్తున్నాను. రంగు వేసి, జిగురు పూసి, తాడు, పూసలు అంటించిన సీసా రెండేళ్ళకు దుమ్ము పట్టి నా దగ్గరికే వస్తుంది. అప్పుడు అది గాజులోకి వెళ్ళదు, ఎందులోకీ వెళ్ళదు. ఉత్త సీసాగా ఉన్నప్పుడైతే కరిగించి మళ్ళీ సీసా చేస్తారు. గాజు ఎన్నిసార్లు కరిగించినా గాజే. వాడే వస్తువుగా ఉంచగలిగితే ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. మూత బాగున్న సీసాలు పచ్చళ్ళు, కారప్పొడులు అమ్ముకునే ఆడవాళ్ళకి ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటారు.

---

సీసా_బొమ్మలు | సోమవారం రాత్రి 9:15

అన్నా, ఈ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. జిగురు లేకుండా తాడు ముడివేసి చేస్తే విప్పేయొచ్చు కదా. ఇకమీదట అలాగే చేస్తాను. నా దగ్గర పాత మూతలు చాలా ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

---

ఓరుగల్లు_అమ్మాయి | మంగళవారం ఉదయం 7:55

ఇత్తడి తూకానికి వేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. అన్నా, మీ దగ్గర్లోనే అజ్జరం ఉంది కదా. రావులపాలెం, సిద్ధాంతం మీదుగా వెళ్తే పెరవలి మండలంలో వస్తది. ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు, ఇంటింటా ఆ పనే. మా దిక్కు పెంబర్తి ఎట్లనో, మీకు అజ్జరం అట్ల. పాత ఇత్తడి అక్కడ కరిగించి మళ్ళీ బిందెలు, గంగాళాలు చేస్తారు. పాతది ఇచ్చి తరుగు తీసి కొత్తది తెచ్చుకోవచ్చు. సొట్టలు తీయించుకోవచ్చు, చిల్లి పడితే మాటు వేయించుకోవచ్చు.

వండటానికి వాడాలనుకుంటే లోపల కళాయి పోయిందేమో చూడండి. లోపల తెల్లగా కాకుండా పసుపుపచ్చగా కనబడితే పోయినట్టు. కళాయి లేని ఇత్తడిలో పులుసు, చారు కాచకూడదు. నవాసాగరం వేసి, గిన్నె కాల్చి, తగరం రుద్ది కళాయి పెడతారు. మా ఊళ్ళో ఆ పని చేసే తాత ఒక్కరే మిగిలారు. మనం పని ఇస్తేనే ఆ పని నిలుస్తది.

---

పుస్తకాల_అలమర | మంగళవారం మధ్యాహ్నం 2:25

పుస్తకాలు తూకానికి వేయకముందు ఇక్కడ జాబితా పెట్టండి. 1960కి ముందువి, అట్ట పోయినా సరే, పక్కన పెట్టండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మీకు దగ్గరే, పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు పెద్ద నిలయం. ముందు ఫోన్ చేసి జాబితా చదివి వినిపించండి, వాళ్ళ దగ్గర లేనివే తీసుకెళ్ళండి. చెదలు పట్టినవి మంచివాటితో కలపకండి. పిల్లల మాసపత్రికలు మీ ఊరి బడికి ఇవ్వండి.

---

గోదారి_కాలవ | తర్వాతి సోమవారం, ఉదయం 6:30

రెండు రోజుల సంగతులు రాస్తున్నాను.

శనివారం పొద్దున్నే ఆశా కార్యకర్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నోరు తెరిచి పేరు చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. చెరువు వెనక వీధిలో కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగిన మనిషి ఉన్నాడట. వయసు ముప్పై నాలుగు. మా ఇంటికి అరకిలోమీటరు. మా నాన్న మంచం ఏడాదిన్నర ఈ గదిలో ఖాళీగా ఉంది, ఆయన ఎనిమిది నెలలుగా అక్కడ నేల మీద ఉన్నాడు. మాకు తెలియలేదు. ఈ మాట నన్ను వదలడం లేదు.

మంచం సిస్టర్ గారు చెప్పినట్టే కడిగాం. గాలి పరుపు రాత్రంతా పెట్టి చూస్తే మూల దగ్గర లీకు దొరికింది, సైకిల్ షాపులో ప్యాచ్ వేశారు. ఆదివారం సాయంత్రం నలుగురం మోసుకెళ్ళి బిగించాం. తల వైపు ఎత్తగానే ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వాళ్ళమ్మ మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. డైపర్లు, కమోడ్ కుర్చీ కూడా అక్కడే ఇచ్చాను.

వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాను. రుబ్బురోలు ఎవరికీ అక్కర్లేదనుకున్నాను, మొదట వెళ్ళింది అదే. వంతెన దగ్గర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ, కరెంటు పోతే పిండి ఆగిపోతోందని, తమ్ముడి ఆటోలో తీసుకెళ్ళింది. గంట్లు అరిగిపోయాయి, కొట్టించుకుంటానంది. సీసాలు ఇద్దరికి పంచాను. పగిలిన జాడీల్లో మా పక్కింటి పిల్ల కలబంద నాటింది.

ఇత్తడి అజ్జరం తీసుకెళ్ళాను. మూడు బిందెలు ఇచ్చి, ఒకదానికి మాటు వేయించి ఉంచుకున్నాను. దాని మెడ మీద అమ్మ పేరు చెక్కి ఉంది. కుట్టు మిషన్ విషయం ఇంకా తేలలేదు, ముగ్గురు అడిగారు. పరుపుల సంగతి ఎవరైనా చెప్పండి.

---

బొంత_కుట్టు | సోమవారం ఉదయం 9:00

అన్నయ్యా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

బూరుగు దూది పాడవదు, గడ్డ కడుతుంది అంతే. పరుపు విప్పి, దూది రెండు రోజులు ఎండబెట్టి, ఏకించి కొత్త గుడ్డలో నింపితే దిండ్లు వస్తాయి. ఏకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమనండి. స్పాంజ్ పరుపులకు ఈ వీలు లేదు.

మిషన్ ఎవరికివ్వాలో నిర్ణయించేముందు ముగ్గురినీ ఒక ప్రశ్న అడగండి: కుట్టు వచ్చా, నేర్చుకుంటారా, లేక ఇంట్లో ఉంటే మంచిదని అడుగుతున్నారా? వచ్చినవాళ్ళకే ఇవ్వండి. ఇచ్చేముందు బెల్టు మార్పించి, నూనె వేయించండి.

---

పనులు_బోలెడు | సోమవారం మధ్యాహ్నం 1:40

ఆశ్రమానికి మూట కట్టి ఇచ్చేయమని రాసింది నేనే. సిస్టర్ గారి మాట చదివాక మా వీధి చివరి ఆశ్రమానికి ఫోన్ చేసి ఏం కావాలని అడిగాను. బట్టలు వద్దన్నారు, పెట్టడానికి చోటు లేదట. కావాల్సింది మూత ఉన్న పెద్ద డబ్బాలు, పదో తరగతి గైడ్లు, దోమతెరలు అన్నారు. మూడూ మా ఇంట్లో ఉన్నాయి. నిన్న ఇచ్చి వచ్చాను.

చిరిగిన బట్టలు పెద్ద మొత్తంలో ఉంటే ఎక్కడివ్వాలి?

---

వార్డు_సిస్టర్ | సోమవారం సాయంత్రం 6:10

ఫోన్ చేసినందుకు చాలా సంతోషం. బట్టలకు గూంజ్ అనే సంస్థ ఉంది, 1999లో అన్షు గుప్తా ఢిల్లీలో మొదలుపెట్టారు. ఆయనకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. సునామీ తర్వాత రోడ్ల మీద మిగిలిన ఆ బట్టల గుట్టల్ని ఏరి వాడుకలోకి తెచ్చింది వీళ్ళే. బట్టల్ని రకాలుగా విడదీసి, కట్టుకోవడానికి పనికిరాని నూలు గుడ్డతో నెలసరి ప్యాడ్లు, మిగతావాటితో బడి సంచులు కుట్టిస్తారు. ఊళ్ళో చెరువు తవ్వుకున్నారనుకోండి, ఆ పని చేసినవాళ్ళకు ప్రతిఫలంగా బట్టలు ఇస్తారు. ఉతికి ఇవ్వండి.

---

గోదారి_కాలవ | మూడో ఆదివారం, రాత్రి 10:05

ఈ వారంతో ఇల్లు ఖాళీ అయింది. తలుపులు, దూలాలు కొన్నవాళ్ళే అట్టిపెట్టుకుంటామన్నారు, టేకు కదా. పెంకులు ఎదురింటి పశువుల పాకకి వెళ్ళాయి. టీవీ, ఫోన్లు కారు డిక్కీలో హైదరాబాద్ తెచ్చి రీసైక్లర్‌కి అప్పగించి రసీదు తీసుకున్నాను. ట్యూబులైట్లు రెండు పగిలాయి. ట్రంకులో పడుకోబెట్టి తెచ్చినా కుదుపులకు ఆగలేదు. అట్ట చుట్టి నిలబెట్టి తేవాల్సింది.

పుస్తకాలు పద్నాలుగు గ్రంథాలయానికి, మిగతావి బడికి.

మిషన్ డిగ్రీ చదువుతున్న అమ్మాయికి ఇచ్చాను. వాళ్ళమ్మ రవికలు కుడుతుంది, ఒక్క మిషన్ మీదే ఇద్దరూ చేస్తున్నారు. ఆ అమ్మాయి మొదటగా అమ్మ చీరల్లోంచి పదహారు కూరల సంచులు కుట్టింది. కూలి తీసుకోనంది, బలవంతాన ఇచ్చాను. బొంతలు రెండు తయారవుతున్నాయి. ఒకటి చెల్లికి, ఉప్పు జాడీ దాంట్లోనే చుట్టి పంపుతాను.

మిగిలింది వాకర్ ఒక్కటే.

---

ఆస్టిన్_చెల్లి | సోమవారం ఉదయం 8:30

అన్నయ్యా, జాడీ కడగకు.

---

కొత్త_సభ్యురాలు | సోమవారం ఉదయం 11:20

నమస్కారమండీ. వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మాది ద్రాక్షారామం. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది, బుధవారం ఇంటికి తీసుకొస్తున్నాం. ఆ వాకర్ ఇంకా ఉందా?

---

గోదారి_కాలవ | సోమవారం ఉదయం 11:34

ఉందండీ. మా ఊరికి మీరు దగ్గరే. అత్తగారి ఎత్తు ఎంతో చెప్పండి. నిలబడి చేతులు కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలట, డాక్టర్ చెప్పారు. నాన్న పొడుగు కాబట్టి పై మెట్టు మీద ఉంది, నాలుగు కాళ్ళకీ బటన్ నొక్కి తగ్గించొచ్చు. రబ్బరు బుడిపెలు కొత్తవే. మంగళవారం సాయంత్రం మా పెదనాన్న గారబ్బాయి బండి మీద తెచ్చి ఇస్తాడు.